భూమి గీసిన గీత, ఓటుతో గీసిన గీత

కల్వకుర్తి నుంచి కాకినాడ దాకా ఏ బడిలో అడిగినా, ఏ పోటీ పరీక్షల నోట్సు తిరగేసినా ఒకటే జవాబు. అక్షాంశాలు, రేఖాంశాలు ఊహారేఖలు. పటం మీద చోటు గుర్తుపట్టడానికి మనిషి గీసుకున్నవి. భూమధ్యరేఖ భూమిని ఉత్తర, దక్షిణ అర్ధగోళాలుగా విడదీస్తుంది, గ్రీనిచ్ రేఖ తూర్పు, పడమర అర్ధగోళాలుగా విడదీస్తుంది. రెండూ సౌకర్యం కోసం పెట్టుకున్న గీతలే, అంతకు మించి వాటికి అర్థం లేదు. పిల్లలు దీన్ని బట్టీపట్టి మార్కులు తెచ్చుకుంటారు, పెద్దలు దీన్నే కాస్త వేదాంతం కలిపి చెబుతారు: భూమి మీద గీతలెక్కడున్నాయి, అన్నీ మన బుర్రలోనే కదా అని.

ఈ మాటకు ఉన్న బలాన్ని ముందు ఒప్పుకోవాలి. సముద్రం మీద పోయే ఓడకు భూమధ్యరేఖ దగ్గర ఏ తాడూ అడ్డం రాదు. గ్రీనిచ్‌లో నేల మీద మెరిసే పట్టీని పాతింది మనుషులే. గోళాన్ని నడిమికి ఎటు కోసినా రెండు సమాన ముక్కలే వస్తాయి, అలాంటప్పుడు ఈ రెండు కోతలకే ఏమిటి గొప్ప అన్న ప్రశ్న న్యాయమైనదే. పైగా ఈ వాదంలో ఒక మేలు కూడా ఉంది. ఫలానా గీత మా ఊరి మీదుగా పోతుంది కాబట్టి మాదే ప్రపంచానికి నడిబొడ్డు అని చెప్పుకునేవాళ్లకు ఇది ముకుతాడు వేస్తుంది. ఇన్ని ఉన్నా ఈ అభిప్రాయం నిలబడదు. పొంతన లేని రెండు సంగతులకు ఒకే చీటీ అంటించడం దాని మొదటి తప్పు. ఆ చీటీ చూపించి, వీటికి మన బతుకుతో పని లేదని తేల్చేయడం రెండో తప్పు. రెండోది మొదటిదానికన్నా ఎక్కువ చెరుపు చేస్తోంది.

1. తలుపులు మూసిన గది

ఒక మనిషిని కళ్లకు గంతలు కట్టి తెచ్చి, కిటికీలు లేని గదిలో పెట్టారనుకుందాం. పటం లేదు, ఫోను లేదు, ఆకాశం కనబడదు. పైకప్పు నుంచి పొడుగాటి తీగ, దాని చివర బరువైన గుండు, చేతికో గడియారం మాత్రం ఉన్నాయి. గుండును ఊపి వదిలితే అది ఊగే దిశ మెల్లగా జరుగుతూ పోతుంది. 1851లో పారిస్‌లో లియోన్ ఫూకో లోకానికి చూపించిన ప్రయోగం ఇదే. ఢిల్లీలో కొత్త పార్లమెంటు భవనంలో వేలాడుతున్న ఫూకో లోలకానికి ఒక చుట్టు పూర్తికావడానికి దాదాపు 50 గంటలు పడుతుంది. దాన్ని కల్వకుర్తికి తెచ్చి వేలాడదీస్తే, ఇక్కడి అక్షాంశం సుమారు 16 డిగ్రీల 40 నిమిషాలు కాబట్టి, 83 గంటలకు పైగా పడుతుంది. కన్యాకుమారిలో 170 గంటల దాకా పోతుంది. భూమధ్యరేఖ మీద ఆ దిశ అసలు జరగదు. అది దాటి మారిషస్ చేరితే మళ్లీ జరగడం మొదలవుతుంది, కానీ ఎదురు దిక్కుకు. అంటే గదిలో ఉన్న మనిషి బయటికి ఒక్కసారి కూడా చూడకుండా తాను ఏ అక్షాంశం మీద ఉన్నాడో, ఉత్తరార్ధగోళంలో ఉన్నాడో దక్షిణార్ధగోళంలో ఉన్నాడో చెప్పగలడు. ఊహారేఖ అయితే ఇనుప గుండు దాన్నెలా కనిపెట్టింది?

అదే మనిషిని అదే గదిలో తన రేఖాంశం చెప్పమనండి. చెప్పలేడు. మాలి దేశంలోని తింబక్తూ పట్నం, మెక్సికో తీరంలోని అకపుల్కో దాదాపు కల్వకుర్తి అక్షాంశం మీదే ఉన్నాయి. ఆ రెండూ పశ్చిమార్ధగోళంలోవి, మనది తూర్పుది. లోలకానికి ఈ తేడా పట్టదు, మూడు చోట్లా గంట లోపు తేడాతో అది ఒకేలా తిరుగుతుంది. తూర్పు, పడమర అర్ధగోళాల మధ్య హద్దును కనిపెట్టే యంత్రం లేదు, ఉండబోదు కూడా. తిరిగే బొంగరానికి ములుకు, తల, ఆ రెంటికీ నడుమ నడుము ఉంటాయి. వాటిని ఎవరూ గీయనక్కర్లేదు, తిరగడంలోనే అవి ఏర్పడతాయి. బొంగరం పక్కన నిలువుగా గీత పెట్టాలంటే మాత్రం సుద్దముక్క పట్టుకున్న చెయ్యి కావాలి.

భూమి తన నడుమును తానే ఎంత గట్టిగా గుర్తుపెట్టుకుందో కొలిచి చూపిన పనిలో పెద్ద భాగం మన నేల మీదే జరిగింది. విలియం లాంబ్టన్ 1802లో మద్రాసు దగ్గర మొదలుపెట్టిన సర్వే నుంచి పుట్టిన గ్రేట్ ఆర్క్, 78వ రేఖాంశానికి దగ్గరగా, కన్యాకుమారి నుంచి కర్నూలు సీమ దాటి బీదర్ వైపు సాగి చివరికి హిమాలయాల పాదాల దాకా పోయింది. జార్జ్ ఎవరెస్ట్ 1818లో హైదరాబాద్‌లో లాంబ్టన్‌ను కలిసి, కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో జ్వరాలు పడుతూ ఈ విద్య నేర్చుకున్నాడు. ఆ కొలతలు చెప్పిందేమిటంటే, ఒక డిగ్రీ అక్షాంశం పొడవు ఉత్తరానికి పోయేకొద్దీ పెరుగుతుంది, అంటే భూమి ధ్రువాల దగ్గర నొక్కుకుపోయి నడుము దగ్గర ఉబ్బి ఉంది. ధ్రువం దాకా వ్యాసార్ధం 6,357 కిలోమీటర్లు, భూమధ్యరేఖ దాకా 6,378. ఆ 21 కిలోమీటర్ల ఉబ్బు ఎవరి ఊహా కాదు. తూర్పు పడమరల మధ్య అలాంటి ఉబ్బు గానీ మడత గానీ గ్రీనిచ్ గుండా పోవడం లేదు.

2. జనవరిలో సూర్యుడు దగ్గర

అర్ధగోళాలు ఉత్త సౌకర్యమే అనేవాళ్లు జవాబు చెప్పవలసిన చిన్న ప్రశ్న ఇంకొకటుంది. భూమి సూర్యుడికి అతి దగ్గరగా వచ్చేది జనవరి మొదటి వారంలో, సుమారు 14.7 కోట్ల కిలోమీటర్ల దూరానికి. అతి దూరంగా పోయేది జులై మొదటి వారంలో, 15.2 కోట్ల కిలోమీటర్లకు. దూరమే లెక్కయితే భూమి అంతటికీ జనవరిలో ఎండాకాలం రావాలి. పాలమూరులో ఆ రోజుల్లో చలిమంటలు వేసుకుంటారు, సిడ్నీలో జనం సముద్రపు ఒడ్డున ఎండకు తప్పించుకోలేక అవస్థపడతారు. ఒకే భూమి, ఒకే సూర్యుడు, ఒకే దూరం, రెండు రుతువులు. వాటిని విడదీసే గీతను తుడిచేసి ఈ సంగతిని వివరించడం ఎవరివల్లా కాదు.

మారిషస్‌లో స్థిరపడిన తెలుగువాళ్లకు ఇది పుస్తకాల్లో చదివితే తెలిసే విషయం కాదు. పందొమ్మిదో శతాబ్దంలో చెరకు తోటల కూలీలుగా వెళ్లిన వాళ్ల సంతతి అక్కడ ఉగాదిని ప్రభుత్వ సెలవు దినంగా జరుపుకుంటోంది. మనం వసంతం వచ్చిందంటూ పచ్చడి తినే రోజున అక్కడ ఎండాకాలం వెళ్లిపోతూ ఉంటుంది. ఆ దీవి సుమారు 20 డిగ్రీల దక్షిణ అక్షాంశం మీద ఉంది, మన ఆదిలాబాద్ దాదాపు అంతే దూరంలో ఉత్తరాన ఉంది. భూమధ్యరేఖను అద్దం అనుకుంటే ఒకదానికొకటి ప్రతిబింబాలు. పంచాంగం ఒకటే, రుతువు తలకిందులు. పండుగను అర్ధగోళం మార్చలేకపోయింది, పండుగ కూడా అర్ధగోళాన్ని మార్చలేకపోయింది.

3. వాషింగ్టన్‌లో చేతులెత్తిన గీత

ఇప్పుడు రెండో గీత దగ్గరికి వద్దాం. 1884 అక్టోబరులో వాషింగ్టన్‌లో 25 దేశాల ప్రతినిధులు కూర్చున్నారు. గ్రీనిచ్‌కు 22 ఓట్లు పడ్డాయి. శాన్ డొమింగో వద్దంది, ఫ్రాన్స్, బ్రెజిల్ ఓటు వేయలేదు. మన దేశం తరఫున విడిగా ఎవరూ లేరు, బ్రిటన్ చెప్పిందే మన మాట. గ్రీనిచ్ గెలవడానికి ఖగోళ కారణం ఏదీ లేదు. ప్రపంచ ఓడల సరుకు మోతలో 72 శాతం అప్పటికే గ్రీనిచ్ లెక్క పటాలతో నడుస్తోంది, మార్చడం ఖర్చు, అంతే. ఫ్రాన్స్ 1911 దాకా పారిస్ కాలాన్నే పట్టుకుని ఉంది. చివరికి ఒప్పుకున్నప్పుడు కూడా చట్టంలో గ్రీనిచ్ పేరు రాయలేదు, పారిస్ కాలానికి 9 నిమిషాల 21 సెకన్లు వెనక అని రాసుకుంది. భూమధ్యరేఖ విషయంలో ఇలాంటి పంతం ఎవరైనా పట్టగలరా? మాకు కిట్టదు, రెండు డిగ్రీలు ఇటు జరపండి అని ఏ దేశమైనా తీర్మానం చేయగలదా?

ఓటుతో గీసిన గీతను ఓటు లేకుండానే జరపొచ్చు కూడా. కిరిబాటి భూమి నాలుగు అర్ధగోళాల్లోనూ ఉన్న ఏకైక దేశం. తన దీవులన్నిటికీ ఒకే తేదీ ఉండాలని ఆ దేశం 1995 జనవరి 1న, గ్రీనిచ్ గీతకు భూమి అవతలి వైపున ఉండే తేదీ రేఖను తూర్పుకు తోసేసింది. ప్రపంచం కాస్త గొణిగి ఒప్పుకుంది. గ్రీనిచ్ గీతైనా ఉన్నచోట ఉందా అంటే లేదు. ఇప్పటి ఉపగ్రహాల లెక్క ప్రకారం సున్నా రేఖాంశం గ్రీనిచ్‌లో నేల మీద పాతిన ఆ పట్టీకి 102 మీటర్లు తూర్పున పోతుంది. మన పటాల సంగతి ఇంకా చోద్యం. పాత సర్వే మద్రాసు అబ్జర్వేటరీ రేఖాంశాన్ని ఆధారంగా తీసుకుంది. తర్వాత చూస్తే అది సుమారు రెండున్నర నిమిషాల కోణం తప్పు. కల్వకుర్తి దగ్గర అది నాలుగు కిలోమీటర్లు దాటుతుంది. అంటే దేశం దేశమంతా కాగితం మీద నాలుగు కిలోమీటర్లు పక్కకు జరిగి కూర్చుంది, నేల మీద ఒక్క రాయి కదలలేదు. అక్షాంశాల్లో ఇంత పెద్ద పొరపాటు దొర్లకపోవడానికి కారణం, వాటిని నక్షత్రాన్ని చూసి నేరుగా కొలవొచ్చు. రేఖాంశానికి రెండు ఊళ్ల గడియారాలను పోల్చక తప్పదు.

అసలు తూర్పు, పడమర అర్ధగోళాలన్న విభజనను దాన్ని వాడేవాళ్లే నమ్మరు. గ్రీనిచ్‌ను కచ్చితంగా పాటిస్తే ఐర్లాండ్, పోర్చుగల్, మొరాకో, స్పెయిన్‌లో ఎక్కువ భాగం పశ్చిమార్ధగోళంలోకి, లండన్ తూర్పు పేటలు తూర్పు అర్ధగోళంలోకి పోతాయి. ఇది ఇబ్బందిగా ఉందని పటాలు గీసేవాళ్లు చాలాకాలం 20 డిగ్రీల పశ్చిమం దగ్గర కోసి, యూరప్‌నూ ఆఫ్రికానూ ఒక ముక్కలో ఉంచారు. అవసరాన్ని బట్టి జరిగే హద్దును, జరగని హద్దును పాఠ్యపుస్తకం ఒకే వాక్యంలో, ఒకే క్రియాపదంతో ముడివేస్తోంది. నేను తప్పుపడుతున్నది ఆ ముడిని.

4. గీత నిజమే, గోడ మాత్రం కాదు

ఇక్కడ ఎదుటివాళ్లు ఒక మాట అనొచ్చు. సరే, భూమధ్యరేఖ ప్రకృతిదే, అయితే మేం ఉత్తరార్ధగోళం వాళ్లం, దక్షిణార్ధగోళం వేరే లోకం, అంతేగా అని. కాదు. ఊహారేఖ అన్న వాదానికి కవల పిల్ల ఇది, దీన్నీ అంతే గట్టిగా తోసిపుచ్చాలి. ఉత్తరార్ధగోళంలో మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన ఉంటాడు, నీడ ఉత్తరానికి పడుతుంది అని పుస్తకాలు రాస్తాయి. ఇది లండన్‌కు నిజం, ఢిల్లీకి నిజం. కల్వకుర్తికి ఏడాదిలో మూడు నెలలు అబద్ధం. మే మొదటి వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో ఒకసారి నడిమధ్యాహ్నం సూర్యుడు ఇక్కడ సరిగ్గా నెత్తి మీదికి వస్తాడు, నిలువు కర్రకు నీడ ఉండదు. ఆ రెండు రోజుల నడుమ సూర్యుడు మనకు ఉత్తరాన ఉంటాడు. పది అడుగుల గుంజ పాతితే డిసెంబరు 22 మధ్యాహ్నం దాని నీడ ఎనిమిది అడుగుల పైచిలుకు ఉత్తరానికి పడుతుంది. జూన్ 21న అడుగుకు కాస్త ఎక్కువ, అదీ దక్షిణానికి. ఇంత చిన్న సంగతి గుంజ ఉన్న ప్రతి పశువుల కొట్టంలోనూ ఏటా జరుగుతుంటే, అర్ధగోళం పేరు చెప్పి దాన్ని లేదనిపించడం ఏం చదువు? మనకు నడిచే హద్దు భూమధ్యరేఖ ఒక్కటే కాదు. కర్కటరేఖకు, భూమధ్యరేఖకు మధ్య మనం ఎంత మేరలో ఉన్నామన్నది అంతకన్నా ముఖ్యం. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని రైతులు ఊరికే అనలేదు. ఆ కార్తె మొదలయ్యే మే చివరికే సూర్యుడు మన నెత్తి మీదుగా ఉత్తరానికి దాటి ఉంటాడు, మొగులు ఇంకా కమ్ముకుని ఉండదు. జూన్, జులై, ఆగస్టు ఎండాకాలం అని చెప్పే యూరప్ లెక్క ఉత్తరార్ధగోళమంతటికీ వర్తిస్తుందనుకుంటే పాలమూరు ఎవుసం ఎప్పుడో తలకిందులయ్యేది.

ఆకాశం సంగతీ అంతే. కల్వకుర్తి నుంచి చూస్తే ధ్రువ నక్షత్రం ఉత్తరాన దిగంతానికి పదహారు పదిహేడు డిగ్రీల పైన ఉంటుంది, చేయి చాచి పట్టుకున్న పిడికిలికి ఒకటిన్నర రెట్లు ఎత్తు. ఆ ఎత్తే మన అక్షాంశం. అది అంత కిందికి ఉండటం వల్లే దక్షిణాకాశం మనకు బార్లా తెరుచుకుంది. చలికాలం రాత్రుల్లో అగస్త్య నక్షత్రం, వేసవి రాత్రుల్లో దక్షిణ దిగంతానికి కాస్త పైన శిలువ ఆకారపు చుక్కలు ఇక్కడివాళ్లకు కనబడతాయి. ఏడాది మొత్తం మీద చూస్తే ఖగోళంలో మనకు ఎన్నడూ కనబడని భాగం రెండు శాతమే. 1901లో నవాబ్ జఫర్ జంగ్ ఫిసల్‌బండలో పెట్టిన నిజామియా అబ్జర్వేటరీ, పారిస్ నాయకత్వంలో సాగిన ఆకాశ పటం పథకంలో తన వంతుగా తీసుకున్నది ఏ చుక్కలనో తెలుసా? ఆకాశపు విషువద్రేఖకు దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల దాకా ఉన్న పట్టీని. మొదట చిలీలోని శాంటియాగోకు అప్పగించిన పని అది. ఉత్తరార్ధగోళంలో ఉన్న హైదరాబాద్ కూర్చుని దక్షిణాకాశపు జాబితా తయారుచేసింది. అర్ధగోళం గోడ అయితే ఆ పని సాధ్యమయ్యేదా?

అన్నిటికన్నా పెద్ద సాక్ష్యం వాన. మన వానకాలం ఎక్కడ మొదలవుతుందని అడిగితే కేరళ అంటారు. అసలు మొదలు దక్షిణార్ధగోళంలో, మారిషస్, రీయూనియన్ దీవుల దక్షిణాన సముద్రం మీద నిలిచే అధిక పీడన ప్రాంతంలో ఉంది. అక్కడి నుంచి బయలుదేరే గాలులు ఆగ్నేయం నుంచి వాయవ్యానికి వీస్తాయి. భూమి తిరుగుడు వల్ల దక్షిణార్ధగోళంలో కదిలే గాలి ఎడమకు ఒరుగుతుంది, ఉత్తరార్ధగోళంలో కుడికి. ఆఫ్రికా తూర్పు తీరం పక్కగా భూమధ్యరేఖను దాటగానే ఆ ఒరుగు దిక్కు మారి, గాలి కుడికి మళ్లి, నైరుతి నుంచి మన మీదికి వస్తుంది. 1960లలో వాతావరణ శాస్త్రవేత్త ఫిండ్లేటర్ పరిశీలించి వివరించిన ఈ సోమాలీ గాలి ధారే రుతుపవనాలకు వెన్నెముక. ఆ మలుపు లేకపోతే నైరుతి అనే పేరే ఉండేది కాదు. పడమటి కనుమల మీద తడి దులుపుకుని ఈ గాలి పాలమూరు చేరేసరికి చేతిలో మిగిలేది తక్కువ. అందుకే ఎల్లూరు దగ్గర శ్రీశైలం వెనుక జలాల్లోంచి మూడు దశల్లో నీళ్లెత్తి తెచ్చే కల్వకుర్తి ఎత్తిపోతల అవసరమైంది. ఇక్కడి బడి పుస్తకంలో మాత్రం భూమధ్యరేఖ ఇంకా ఊహారేఖగానే ఉంది. అది ఊహే అయితే గాలి అక్కడే ఎందుకు మళ్లింది? అది గోడే అయితే గాలి దాన్నెలా దాటి వచ్చింది? రెండు వాదాలూ ఈ ఒక్క గాలి ముందు ఓడిపోతాయి. బంగాళాఖాతపు తుపాను గడియారం ముళ్లకు ఎదురుగా, మారిషస్ తుపాను ముళ్లతో పాటుగా తిరగడం, భూమధ్యరేఖకు అటూ ఇటూ అయిదు డిగ్రీల లోపు తుపాన్లు దాదాపు పుట్టకపోవడం కూడా ఈ గీత చలవే. అలాగని వాష్‌బేసిన్‌లో నీళ్లు ఏ దిక్కుకు సుడి తిరుగుతాయో అర్ధగోళమే తేలుస్తుందని చెప్పే వీడియోలను నమ్మనక్కర్లేదు. అంత చిన్న తొట్టిలో ఆ ప్రభావం లెక్కకు రాదు.

5. ఉజ్జయిని వాదం

రేఖాంశం ఒప్పందమే అని తేలగానే ఒక కొత్త వాదన లేస్తోంది. అయితే గ్రీనిచ్ ఎందుకు, మన ఉజ్జయినినే సున్నా చేద్దాం అని. 2024లో వచ్చిన ఎన్‌సీఈఆర్‌టీ ఆరో తరగతి పుస్తకం ఉజ్జయిని మధ్యరేఖను ప్రస్తావించినప్పటి నుంచి ఇది మరీ ఊపందుకుంది. పుస్తకం ఆ చరిత్ర చెప్పడం మంచిదే. మన సిద్ధాంతకర్తలకు లంక, ఉజ్జయిని, కురుక్షేత్రం మీదుగా పోయే మధ్యరేఖ ఉండేది. అయితే వాళ్లు ఈ రెండు కొలతల తేడాను మన నేటి పుస్తకాలకన్నా శుభ్రంగా తెలుసుకున్నారు. అక్షాంశానికి వాళ్లకు ఏ ఊరూ అక్కర్లేదు. పగలు రాత్రి సమానమైన రోజున పన్నెండు అంగుళాల శంకువు నిలబెట్టి మధ్యాహ్నపు నీడ కొలిస్తే చాలు, దాన్ని పలభ అన్నారు. కల్వకుర్తికి అది మూడున్నర అంగుళాలకు కాస్త ఎక్కువ. రేఖాంశానికి మాత్రం ఒక ఊరిని ఎంచుకుని, అక్కడి నుంచి దేశాంతరం లెక్కగట్టారు, అదీ గ్రహణం రెండుచోట్లా ఎప్పుడు కనబడిందో పోల్చి. ఒకటి నేల చెప్పేది, ఇంకొకటి మనం ఎంచుకునేది అని వాళ్ల పద్ధతిలోనే ఉంది. ఆ వారసత్వం గురించి గర్వపడేవాళ్లు ముందు దీన్ని నేర్చుకోవాలి.

ఇక సున్నా మార్చినందువల్ల ఏం ఒరుగుతుందో చూద్దాం. ఉజ్జయినిని సున్నా చేస్తే కల్వకుర్తి రేఖాంశం 78 నుంచి 3 లోపుకు పడిపోతుంది. ముంబై, అహ్మదాబాద్ పశ్చిమార్ధగోళంలోకి వెళ్లిపోతాయి. ఒక్క చినుకు ఎక్కువ రాదు, ఒక్క నిమిషం ముందు తెల్లవారదు. సున్నా ఎక్కడుందన్నది గర్వకారణం కాదు అన్న మాటలో గ్రీనిచ్ ఎంత ఉందో ఉజ్జయినీ అంతే ఉంది.

6. ఒప్పందం అంటే ఉత్తిది అని కాదు

ఊహారేఖ వాదులకు మిగిలిన చివరి ఆసరా ఇది. రేఖాంశం మనుషుల ఒప్పందమే అని మీరే అన్నారు కదా, అంటే పట్టించుకోనక్కర్లేదనే కదా అని. రూపాయి కూడా ఒప్పందమే, దాన్ని ఎవరూ పారేయరు. 1906 జనవరి 1న మొదలైన 82 డిగ్రీల 30 నిమిషాల రేఖాంశం కాలమే నేడు దేశమంతటికీ నడుస్తోంది. కాకినాడకు చేరువగా పోయే ఆ గీతకు కల్వకుర్తి నాలుగు డిగ్రీలు పడమర, అంటే మన గడియారం మన సూర్యుడికన్నా సగటున 16 నిమిషాలు ముందుంటుంది. దానికి ఏడాది పొడవునా మారే సూర్యుడి నడక తోడై, నవంబరు మొదట్లో ఇక్కడి నడిమధ్యాహ్నం గడియారం పన్నెండుకు కలుస్తుంది, ఫిబ్రవరి నడుమ పన్నెండున్నర దాటుతుంది. గోడ క్యాలెండర్లు విశాఖకూ కల్వకుర్తికీ ఒకే రాహుకాలం అచ్చువేస్తాయి. రెండు ఊళ్లకూ దాదాపు 20 నిమిషాల తేడా ఉందని ఆ రాహుకాలాన్ని నమ్మేవాళ్లైనా పట్టించుకోరు. 68 నుంచి 97 డిగ్రీల దాకా పరుచుకున్న దేశానికి ఒకే గడియారం పెట్టాం, అస్సాం తేయాకు తోటలు భరించలేక తమ లెక్క తాము నడుపుకుంటున్నాయి. ఇవన్నీ ఓటుతో గీసిన గీత ఫలితాలే.

భూమి విషయానికొస్తే ఇంకా సూటిగా తగులుతుంది. 2025లో అమల్లోకి వచ్చిన భూ భారతి చట్టం ప్రతి కమతానికి భూధార్ సంఖ్య ఇవ్వాలంటోంది. సర్వే జరిగిన మీదట హద్దులను అక్షాంశ, రేఖాంశాలతో కట్టేయాలన్నది దాని ఉద్దేశం. కల్వకుర్తి దగ్గర ఒక డిగ్రీ అక్షాంశం సుమారు 110.7 కిలోమీటర్లు, ఒక డిగ్రీ రేఖాంశం 106.7. ఈ రెండూ సమానం కావు, ఉత్తరానికి పోయేకొద్దీ రెండోది కురచవుతూ శ్రీనగర్‌లో 92 దగ్గరికి వస్తుంది. దశాంశాల్లో రాస్తే నాలుగో అంకె విలువ పదకొండు మీటర్లు. రెండు సంఖ్యల్లోనూ ఆ నాలుగో అంకె ఒకటి తప్పితే హద్దు అటూ ఇటూ పది పదకొండు మీటర్లు జరుగుతుంది, ఆ కొలతల చదరం ఒక గుంటకు మించిన నేల. గట్టు కోసం తరాలుగా కచేరీల చుట్టూ తిరిగిన ప్రాంతంలో, దశాంశ బిందువు తర్వాత ఉన్న అంకెలను చదవలేని మనిషికి తన భూమి కాగితం చదవడం రానట్టే. వాటిని ఊహారేఖలని చెప్పి పంపిన బడి అతనికి ఏం సాయం చేసింది?

7. ఇంత లోతు అక్కర్లేదన్న అభ్యంతరం

ఆరో తరగతి పిల్లలకు ఇంత లోతు అక్కర్లేదు, ముందు సులువుగా చెప్పి తర్వాత వివరంగా చెప్పొచ్చు అని ఉపాధ్యాయులు అంటారు. సులువుగా చెప్పడానికి నేను వ్యతిరేకిని కాను. తప్పుగా చెప్పి దాన్ని సులువు అనడానికి వ్యతిరేకిని. ఒక వాక్యాన్ని రెండు చేస్తే పోయేది లేదు: భూమి తిరగడం వల్ల భూమధ్యరేఖ ఏర్పడింది, గ్రీనిచ్ రేఖను దేశాలు ఒప్పుకుని పెట్టుకున్నాయి. ఈ రెండు వాక్యాలు పిల్లలకు బరువు కాదు. తర్వాత వివరంగా చెబుతామన్న హామీ కూడా నిలబడటం లేదు. పదో తరగతి, ఇంటర్ దాటి ఉద్యోగ పరీక్షలకు కూర్చునేవాళ్లు కూడా అదే వాక్యాన్ని అప్పజెబుతున్నారు.

పరీక్ష మారకుండా పాఠం మారదన్నది నిజమే. కాబట్టి పరీక్షనే మార్చాలి. అక్షాంశాలు ఎన్ని, రేఖాంశాలు ఎన్ని అని అడగడం ఆపి, జూన్ 21 మధ్యాహ్నం మీ బడి జెండా కర్ర నీడ ఎటు పడుతుంది, ఎందుకు అని అడగాలి. గైడు చూసి రాయడానికి ఇందులో అందరికీ సరిపోయే జవాబు లేదు. కల్వకుర్తి పిల్ల దక్షిణానికి అని రాయాలి, నీడ అటు తిరిగింది మే మొదటి వారంలో అని చెప్పాలి. ఆదిలాబాద్ పిల్లకు ఆ మలుపు మే మూడో వారం దాకా రాదు. ఢిల్లీ పిల్లకు నీడ ఏనాడూ దక్షిణానికి పడదు. మారిషస్‌లోని తెలుగు పిల్ల జూన్‌లోనూ దక్షిణానికి అనే రాస్తుంది, అయితే ఆమె కర్ర నీడ మన నీడకు ఏడెనిమిది రెట్లు పొడవు, అక్కడ అది చలికాలపు నీడ.